చిన్నల్లుడూ పుల్లీ బోల్టూ

ఆ బోల్టు రానంది. పొద్దున్నించీ అదే గొడవ. కాఫీ తాగిన గ్లాసు గుమ్మం మీద పెట్టి కారు పక్కన చతికిలబడ్డ మనిషి, ఎండ నడినెత్తికొచ్చినా లేవలేదు. లేవకపోతే పోనీ, నోరైనా ఊరుకోవాలి కదా. అదీ లేదు. బోల్టును తిట్టాడు. దాన్ని తయారుచేసినవాణ్ణి తిట్టాడు. చెయ్యి పట్టని సందులో, కన్ను ఆనని చోట దాన్ని పెట్టాలన్న బుద్ధి పుట్టిన మహానుభావుణ్ణి తిట్టాడు. వీళ్ళందరికంటే ఎక్కువగా, పేరెత్తకుండా, కింది వాటాలో పేపరు చదువుకుంటున్న తోడల్లుణ్ణి తిట్టాడు.

ఈ తిట్టేవాడు ఆ ఇంటికి చిన్నల్లుడు. బయట వేరే పేరు ఉండే ఉంటుంది కానీ, ఇంట్లోనూ వీధిలోనూ ఆఖరికి ఇనప సామాన్ల కొట్లోనూ చిన్నల్లుడనే అంటారు. పెళ్ళయి తల నెరుస్తున్నా చిన్నల్లుడే, తన కూతురు కాలేజీకి వెళ్తున్నా చిన్నల్లుడే. ఈ "చిన్న" అన్నది వయసును బట్టి వచ్చిందని అందరూ అంటారు. కాదు, లెక్కలోకి రాకపోవడాన్ని బట్టి వచ్చిందని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎవరితోనూ చెప్పుకోడు, కడుపులో పెట్టుకుని కుళ్ళుతుంటాడు.

అతని పని నీళ్ళ పైపులు. కొత్త ఇళ్ళకు పైపులు వేస్తాడు, పాత ఇళ్ళలో పగిలినవి మారుస్తాడు. కారకూడదు అన్న ఒక్కటే అతనికి తెలిసిన నీతి. ఆ నీతి చేతుల్లోకి ఎక్కి ముదిరిపోయింది. అతను కట్టేసిన కొళాయిని ఇంట్లో ఇంకొకళ్ళు తిప్పాలంటే గుడ్డ చుట్టి, రెండు చేతులూ వేసి, దేవుణ్ణి తలుచుకోవాలి. అతను మూతపెట్టిన సీసాను వాళ్ళావిడ ఎన్నోసార్లు పక్కింటికి పట్టుకెళ్ళి తీయించుకొచ్చింది. అదేమిటయ్యా అంటే, వదులుగా పెట్టిన మూత మూతేనా అని ఎదురు అడుగుతాడు.

పెద్దల్లుడిది దీనికి పూర్తిగా ఎదురు. ఆయన కొట్లలో తూకం యంత్రాలు బాగు చేస్తాడు. మఖమల్ గుడ్డ వేసిన పెట్టెలో చిన్న చిన్న తూకం రాళ్ళు, సన్నటి పట్టకారుతో పట్టుకునేంతవి, పెట్టుకుని తిరుగుతాడు. మరను వేలి కొసతో, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి తిప్పి ఆగుతాడు. మాటా అంతే. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. కొళాయిని రెండు వేళ్ళతో కట్టేసి వెళ్ళిపోతాడు, అది రాత్రంతా చుక్కచుక్కా కారుతూనే ఉంటుంది. పైవాటాలో పడుకున్న చిన్నల్లుడికి ఆ చప్పుడుకి నిద్ర పట్టదు. దిగొచ్చి బిగించి పోతాడు. పొద్దున్నే పెద్దల్లుడి భార్య ఆ కొళాయి తిరక్క మరిదిని తిట్టుకుంటుంది. ఇలా సాగుతోంది ఆ రెండు వాటాల కాపురం.

అత్తగారు ఉండేది కింది వాటాలో, పెద్దకూతురి దగ్గర. ఆవిడ దృష్టిలో పెద్దల్లుడు పెద్దల్లుడే. ఆయన గుమ్మంలో అడుగు పెడితే పడుకున్న మనిషి లేచి కూర్చుంటుంది, చెంగు సర్దుకుంటుంది, ఎండలో వచ్చారు మంచినీళ్ళివ్వవే అని కూతుర్ని కేకేస్తుంది. అదే చిన్నల్లుడు వస్తే, వచ్చావా, ఆ లైటు వెలగడం లేదు చూడు అంటుంది. చెప్పులు దారిలో విప్పావేం, తల దువ్వుకోవేం, ఆ చొక్కాకి బొత్తాలు లేవా అని వరసపెట్టి దులుపుతుంది. ఆయనకి మంచినీళ్ళు, తనకి లైటూ దులుపుడూ. ఏళ్ళ తరబడి చూస్తున్నాడు. చూసి చూసి అతనికి ఒక్కటే కోరిక మిగిలింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఏదో ఒక ముఖ్యమైన పనికి, ఇది చిన్నల్లుడి వల్లే అయింది అని ఆవిడ అనుకోవాలి. పైకి అనక్కర్లేదు, అనుకుంటే చాలు.

ఆ అవకాశం వచ్చింది. అత్తగారికి మోకాలి ఆపరేషను అయింది. సోమవారం పొద్దున ఇంటికి పంపిస్తామన్నారు. కాలు మడవకూడదు, చాపుకునే కూర్చోవాలి. ఆటోలో కుదరదు. అంబులెన్సు మాట ఎత్తితే, అందులో వస్తే వీధంతా నేను పోయాననుకుని ఏడుస్తారు, నేనెక్కనంది. మిగిలింది తోడల్లుళ్ళిద్దరూ కలిసి కొనుక్కున్న పాత కారు. దాని ముందు సీటుని చిన్నల్లుడే ఒకప్పుడు పట్టాలు కోసి, అతుకుపెట్టి, వెనక్కంటా జరిగేట్టు చేశాడు. కాలు చాపుకుని కూర్చోడానికి ఊళ్ళో అంతకంటే మంచి సీటు లేదు. ఆసుపత్రి మంచం చుట్టూ అందరూ నిలబడి, ఎవరు తీసుకెళ్తారని పెద్దల్లుడి వైపు చూస్తుంటే, చిన్నల్లుడు ముందుకొచ్చి, నేనొస్తా అత్తయ్యా, నేనే తీసుకెళ్తా అనేశాడు.

ఆవిడ అతన్ని కిందా మీదా చూసి, "చూద్దాం" అంది.

ఆ చూద్దాం అతనికి ముల్లులా గుచ్చుకుంది. చూద్దాం ఏమిటి? పెద్దల్లుడు వస్తానంటే చూద్దాం అనేదా? ఆ మాట పట్టుకుని అతను కారు కడిగాడు, సీటు తుడిచాడు, కాలి కింద పెట్టడానికి దిండు కూడా సిద్ధం చేశాడు. శనివారం సాయంత్రం, ఒకసారి తిప్పి చూద్దామని వీధి చివరిదాకా వెళ్ళాడో లేదో, ముందు నుంచి పొగలు. దిగి చూస్తే రోడ్డు మీద తను వచ్చిన దారి పొడుగునా నీటి చార. నీళ్ళ పంపు పోయింది. ఊరందరి ఇళ్ళలో నీళ్ళు కారకుండా చూసే మనిషి కారులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఇంటిదాకా నెట్టుకొస్తుంటే పక్కింటాయన అరుగు మీంచి, మీకూ లీకులేనా అని అడిగాడు. చిన్నల్లుడు తల వంచుకుని ఇంకా గట్టిగా నెట్టాడు. జవాబు చెప్పి ఉంటే అది బాగుండేది కాదు.

రాత్రి పెద్దల్లుడు మేడ మెట్ల దగ్గర నిలబడి, కావాలంటే తెలిసినవాళ్ళ దగ్గర పెద్ద కారు అద్దెకు మాట్లాడతానన్నాడు. మామూలుగానే, మెల్లగానే అన్నాడు. ఆ మెల్లగా అనడమే చిన్నల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కించింది. అద్దె కారులో ముందు సీటు అంత వెనక్కి పోదు అన్నాడు. నిజమే, పోదు. కానీ అసలు సంగతి అది కాదని మెట్ల మీదున్న ఇద్దరికీ తెలుసు.

అలా ఆదివారం పొద్దున పని మొదలైంది. శనివారం రాత్రే కొట్టు మూసేలోపు తెచ్చిన కొత్త పంపు సిద్ధంగా ఉంది. దాన్ని పెట్టడం పెద్ద విషయం కాదు. కష్టమంతా పాతదాని దగ్గరికి చేరడమే. పంపు ఒక రేకు మూత వెనకాల ఉంది. ఆ మూత రావాలంటే ముందు పుల్లీ రావాలి. ఇంజను నుంచి బెల్టులు తిప్పే ఇనప చక్రం, మూకుడంత ఉంటుంది. ఆ పుల్లీ రావాలంటే దాని నడిమధ్యన ఉన్న ఒకే ఒక్క బోల్టు రావాలి. కారంతా వచ్చి ఆ ఒక్క బోల్టు దగ్గర ఆగింది.

కారుని ఒక పక్క జాకీ మీద లేపి, కింద దుంగలు పెట్టి, చక్రం ఊడదీశాడు. చక్రం వెనక ప్లాస్టిక్కు తడిక తీశాడు. బెల్టులు వదులు చేసి తప్పించాడు. ఇదంతా చకచకా అయిపోయింది, ఈల కూడా వేశాడు. తర్వాత బోల్టు తలకు సాకెట్టు తొడిగి, పొడుగు పానా బిగించి, కాస్త బరువు వేశాడు. బోల్టు తిరిగింది. అమ్మయ్య అనుకునేలోపు చూస్తే పుల్లీ కూడా తిరుగుతోంది. బోల్టుతో పాటు ఇంజను మొత్తం తిరుగుతోంది. అలా సాయంత్రం దాకా తిప్పినా బోల్టు ఊడదు.

దానికి ఉపాయం ఉంది. ఎవరైనా లోపల కూర్చుని గేరు వేసి బ్రేకు గట్టిగా తొక్కి పట్టాలి. అప్పుడు ఇంజను కదలదు, బోల్టు కదలాలి. భార్యను పిలిచాడు. ఆవిడ వంటింట్లో పని వదిలేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. తొక్కు అన్నాడు, తొక్కింది. లాగాడు. కదల్లేదు. ఇంకా తొక్కు అన్నాడు. ఇంతకంటే తొక్కితే కాలు బయటికొస్తుందని ఆవిడ అంది. మళ్ళీ లాగాడు. సాకెట్టు జారి, పిడికిలి పోయి రేకు అంచుకి తగిలింది. వేళ్ళ కణుపుల మీద తోలు లేచిపోయింది. నోట్లోంచి వచ్చిన మాట పెరట్లో బట్టలారేస్తున్న వదినగారి దాకా వెళ్ళింది. ఆవిడ లోపలికెళ్ళి తలుపేసుకుంది.

తుప్పు వదిలే నూనె కొట్టాడు, ఆగాడు. ఆగడం అతనికి చేతకాదు, అయినా ఆగాడు. సుత్తితో బోల్టు తల మీద చిన్నగా, తర్వాత పెద్దగా, తర్వాత పగతో కొట్టాడు. పైపులవాడికి పైపులకేం కొదవ, షెడ్డులోంచి నిలువెత్తు ఇనప పైపు తెచ్చి పానా పిడికి తొడిగాడు. దాని చివర పట్టుకుని రెండు కాళ్ళూ గోడకు తన్నిపెట్టి లాగాడు. టప్పుమంది. వచ్చేసిందని ఒక్క క్షణం గుండె ఎగిరింది. వచ్చింది బోల్టు కాదు, సాకెట్టు నెర్రె విచ్చింది.

ఆదివారం ఏ కొట్టు తీసుంటుంది? చెమటలు కక్కుకుంటూ సైకిలేసుకుని, తెలిసిన మెకానిక్కు ఇంటికెళ్ళి, భోజనం దగ్గరున్న మనిషిని లేపి, లావుపాటి సాకెట్టు బతిమాలి తెచ్చాడు. తిరిగొచ్చాక మళ్ళీ తొక్కమని భార్యనడిగాడు. మళ్ళీ పైపు, మళ్ళీ గోడ, మళ్ళీ లాగుడు. ఈసారి సాకెట్టు నిలబడింది, బోల్టూ నిలబడింది. వీసమెత్తు కూడా కదల్లేదు. చిన్నల్లుడు నేల మీద వెల్లకిలా పడిపోయి ఆకాశం చూశాడు.

అప్పుడు నోరు జారాడు. కిందటిసారి, పిల్లలు చిన్నప్పుడు, ఇదే పంపు మార్చిన రోజు, తోడల్లుడు కూడా పక్కనున్నాడు. పానాలందించాడు. ఆఖర్న ఈ బోల్టుని చేత్తో మొదటి చుట్టు తిప్పింది ఆయనే, తన కళ్ళకు కట్టినట్టుంది. తూకం రాళ్ళు పట్టుకునే చేతులకి బోల్టు ఇస్తే ఇంకేమవుతుంది, వంకరగా ఎక్కించాడు, మర మీద మర పడింది, అది పట్టుకుంది. అందుకే రావడం లేదు. ఈ మాట అతను పొద్దున్నించీ గొణుగుతూనే ఉన్నాడు. ఇప్పుడు గట్టిగా, కిటికీలోంచి పేపరు అంచు కనిపిస్తుండగా, కింది వాటాకి వినపడేట్టు అన్నాడు. చేతకానివాళ్ళు చేతులు పెట్టకూడదు అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. మంచినీళ్ళు తాగడానికి తప్ప దేనికీ పనికిరాని మనిషి అని కూడా అనేశాడు.

భార్య బ్రేకు మీంచి కాలు తీసేసి కారు దిగింది. మా బావ నిన్నేమన్నాడని అడిగింది. ఆయన ఈ జన్మలో నిన్ను ఒక్క మాట అనడం చూశావా అని అడిగింది. నీ బోల్టు నువ్వే తొక్కుకో అని, చేతులు దులిపేసుకుని మేడెక్కి పోయింది. పేపరు అంచు కిటికీలో అలాగే ఉంది.

చిన్నల్లుడు చాలాసేపు పుల్లీని చూస్తూ కూర్చున్నాడు. అది కూడా అతన్ని చూస్తూనే ఉంది. ఈ పనికి ఇద్దరు కావాలి, ఆ రెండో మనిషిని తరిమేశాడు. కూతురు స్నేహితుల ఇంటికి వెళ్ళింది. పక్కింటాయన్ని పిలుద్దామంటే ఆయనే నిన్న లీకులేనా అన్నవాడు. ఇంక అద్దె కారే గతి. రేపు పొద్దున పెద్దల్లుడు అద్దె కారులో వెళ్తాడు, అత్తగారు చెంగు సర్దుకుంటుంది, ఎండలో వచ్చారా అంటుంది. ఆ చూద్దాంకి జవాబు దొరికిపోతుంది. ఇది తలుచుకుంటే అతనికి ఏడుపే వచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు, బయటికీ రాదు, లోపలికీ పోదు.

కారు తలుపు చప్పుడైంది. చూస్తే పెద్దల్లుడు. పేపరు మడిచి చంకలో పెట్టుకుని, చెప్పులు బయట విప్పి, డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. గేరు వేశాడు. కాలు బ్రేకు మీద పెట్టి, "ఊ, కానివ్వు" అన్నాడు. ఆయన మొహంలో కోపం లేదు, అది ఇంకా భరించలేకుండా ఉంది. తిట్టినా బాగుండేది. చిన్నల్లుడు పైపు అందుకున్నాడు.

లాగాడు. ఆయన తొక్కాడు. బక్కపలచటి మనిషి, కానీ తొక్కితే అలాగే, బిగుసుకుపోయినట్టు, కాలు సడలకుండా పట్టాడు. బోల్టు మాత్రం రాలేదు. మళ్ళీ, మళ్ళీ. చివరికి చిన్నల్లుడు పైపు పక్కన పడేసి షెడ్డులోకి వెళ్ళి బ్లోలాంపు తెచ్చాడు. పాత పైపుల అతుకు పట్టుకుపోతే అతను వాడే ఆఖరి అస్త్రం అదే, నిప్పు. గోనెసంచి తడిపి పుల్లీ చుట్టూ కప్పి, చుట్టుపక్కల రబ్బరు మాడకుండా చూసుకుని, మంటని బోల్టు తల మీదికి తిప్పాడు.

బోల్టు నల్లబడింది. నూనె పొగ లేచింది, తర్వాత అది పోయింది. తర్వాత ఇంకో పొగ వచ్చింది, తెల్లగా, సన్నగా, బోల్టు అంచు కింద నుంచి. దాంతోపాటు ఒక వాసన.

చిన్నల్లుడు ఆ వాసన పీల్చి ఆగిపోయాడు. అది కారు వాసన కాదు. పాత ఇళ్ళలో, గోడల్లో పాతుకుపోయిన అతుకుల్ని కాల్చేటప్పుడు ముక్కుకి తగిలే వాసన. పైపు మర మీద నీళ్ళు కారకుండా చుట్టే జనపనార, దాని మీద పూసే తెల్లటి సఫేదా ముద్ద, రెండూ మాడే వాసన. కళ్ళు మూసుకున్నా గుర్తుపడతాడు. అతని బట్టలకూ పక్కదుప్పట్లకూ పట్టిన వాసన అది. నార చుట్టి సఫేదా పూసి బిగిస్తే ఆ అతుకు రాయి అయిపోతుందని, మళ్ళీ కాలిస్తే తప్ప విడదని ఊళ్ళో అతనికంటే బాగా తెలిసినవాడు లేడు.

కారు బోల్టుకి నార ఎవరు చుడతారు? మెకానిక్కు చుట్టడు. తూకాలాయన చుట్టడు. నీళ్ళ పంపు దగ్గరి బోల్టు కదా, నీళ్ళు కారతాయేమోనని, వద్దన్నా ఆగని చేత్తో, చుట్టి పూసి, ప్రాణం పెట్టి బిగించే మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు.

బ్లోలాంపు ఆర్పేశాడు. సాకెట్టు తొడిగి పైపు పట్టుకుని లాగాడు. కిర్రుమని మూలిగి, బోల్టు కదిలింది. పావు చుట్టు, అర చుట్టు, ఆ తర్వాత మామూలు బోల్టులాగే తిరగడం మొదలుపెట్టింది. వచ్చేసిందా అని లోపల్నుంచి పెద్దల్లుడు అడిగాడు. ఇతను సాకెట్టుతో సహా బోల్టుని బయటికి లాగాడు. బోల్టు మర పొడుగునా మాడిన నార పోగులు అతుక్కుని ఉన్నాయి. పెద్దల్లుడు కారు దిగుతున్న చప్పుడు విని, దాచేద్దామని గబుక్కున దాన్ని గుప్పిట్లో పట్టుకున్నాడు. ఇంతసేపూ మంట మీద ఉన్న బోల్టుని, వట్టి చేత్తో.

కేక పెట్టాడు. బోల్టు కింద పడి దొర్లుకుంటూ పోయి పెద్దల్లుడి కాలి దగ్గర ఆగింది.

పెద్దల్లుడు కాలు పట్టేసి కుంటుకుంటూ వెళ్ళి బకెట్టులో నీళ్ళు తెచ్చాడు. చిన్నల్లుడి చెయ్యి పట్టుకుని అందులో ముంచాడు. తర్వాత వంగి, బోల్టుని గుడ్డతో ఎత్తి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. చూసి అరుగు మీద పెట్టాడు.

"ఆ రోజే చూశాను, నువ్వు చుడుతుంటే" అన్నాడు.

చిన్నల్లుడు బకెట్టు మీంచి చూపు తిప్పలేదు. "మరి ఆపలేదేం?"

"నీళ్ళ పంపు, నీళ్ళ మనిషివి. నీ పనిలో నాకేం తెలుసు, అలాగే చుట్టాలేమో అనుకున్నా."

"పొద్దున్నించీ నిన్ను నోటికొచ్చినట్టు తిడుతున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా అన్నయ్యా."

పెద్దల్లుడు అరుగు మీద కూర్చుని కాలు పిసుక్కున్నాడు. ఆయన మాటలు కూడా తూకం వేసుకునే బాపతే.

"చెబితే నీకు తల కొట్టేసినట్టవుతుంది. రేపు నేను పోను, నువ్వే ఆసుపత్రికి వెళ్ళు అని నాతో అంటావు. నేను వెళ్ళను." అంతటితో ఆగుతాడనుకుంటే ఆగలేదు. "అత్తయ్యగారి దగ్గర మంచివాడిగా ఉండి ఉండి నా వెన్ను పడిపోయింది తమ్ముడూ. ఆవిడ గదిలో ఉంటే నేను కాలు మీద కాలు వేసుకోను. ఆకలైనా అడగను. ఆవిడ లేచి కూర్చుంటుందని, నా ఇంట్లో నేను దగ్గి మరీ లోపలికొస్తాను. ఒక్క పూట నాకు సెలవిప్పించు. నువ్వెళ్ళు."

చిన్నల్లుడు ఆయన్ని తేరిపార చూశాడు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క వూపున ఇన్ని మాటలనడం అదే మొదలు. తప్పయిపోయింది అందామనుకున్నాడు. చివరికి, కాలు బాగా పట్టేసిందా అని అడిగాడు. ఆయన పరవాలేదన్నాడు.

పని అక్కడితో అయిపోలేదు. బోల్టు వచ్చినా పుల్లీ రాలేదు, ఇరుసు మీద అంటుకుపోయింది. చిన్నల్లుడికి వెంటనే గునపం వేసి పీకేద్దామనిపించింది, గునపం కూడా పట్టుకున్నాడు. పట్టుకుని మళ్ళీ కింద పెట్టాడు. అంచు విరిగితే రేపు పొద్దున ఏ దేవుడూ ఇంకో పుల్లీ ఇవ్వడు. షెడ్డులో వెతికితే పైపులకు వేసే, చుట్టూ బెజ్జాలున్న గుండ్రటి ఇనప పళ్ళెం దొరికింది. పుల్లీకి ముందు వైపు రెండు మర రంధ్రాలున్నాయి. పళ్ళేన్ని అడ్డంగా పెట్టి, ఆ రెండింట్లోకీ పొడుగు బోల్టులు దించి, నడుమ ఇరుసుకి ఒక ఇనప ముక్క ఆనించాడు. ఒక పక్క బోల్టు కొంచెం, రెండో పక్క బోల్టు కొంచెం తిప్పుకుంటూ పోవాలి. కాలిన చెయ్యి పనికిరాలేదు. ఒకటి అతను ఎడమచేత్తో తిప్పాడు, రెండోది పెద్దల్లుడు తిప్పాడు. ఇతను ఎక్కువ తిప్పినప్పుడల్లా ఆయన ఆగమన్నాడు. ఆయన తక్కువ తిప్పినప్పుడల్లా ఇతను పళ్ళు నూరాడు. పుల్లీ మొండికేసి, మొండికేసి, చివరికి చిన్న చప్పుడుతో వీళ్ళ ఒళ్ళోకి వచ్చి పడింది.

మిగతా పని వెలుతురు ఉండగానే అయింది. కొత్త పంపు ఎక్కింది. బోల్టు మరని తీగ బ్రష్షుతో నార పోగు లేకుండా తోమాడు. తిరిగి ఎక్కించేటప్పుడు చెయ్యి అలవాటుకొద్దీ సఫేదా డబ్బా వైపు వెళ్ళింది. పెద్దల్లుడు డబ్బాని కాస్త పక్కకు జరిపాడు. కారు స్టార్టయింది. కింద ఒక్క చుక్క పడలేదు. చిన్నల్లుడు మాత్రం కింద గుడ్డ పరిచి, అది పొడిగా ఉందో లేదో నాలుగైదుసార్లు వంగి చూశాడు. భార్య దిగొచ్చి చేతికి కట్టు కట్టింది. గట్టిగా, నొప్పెట్టేట్టు కట్టింది.

మర్నాడు పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని, అన్ని బొత్తాలూ పెట్టుకుని, తల నున్నగా దువ్వుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. చక్రాల కుర్చీలో అత్తగారిని గుమ్మం దాకా తెచ్చారు. ముందు సీటు వెనక్కంటా జరిపి, దిండు పెట్టి, నర్సుతో పాటు పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టాడు. కాలు చాపుకుంది. సరిపోయింది, ఇంకా జానెడు చోటు మిగిలింది కూడా. చిన్నల్లుడు అది చూసుకుని, తలుపేసి, తన సీట్లో కూర్చుని కారు కదిలించాడు. ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాడు.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. పక్కకు చూసింది. "పెద్దల్లుడుగారు రాలేదేం?" అంది.

అంతే. ముందు రోజంతా పడ్డ చాకిరీ, ఊడిన తోలు, కాలిన అరచెయ్యి, అంతా ఆ ఒక్క ప్రశ్నలో కొట్టుకుపోయింది. అతనికి ఒళ్ళు మండింది. కాళ్ళకు ఓపిక లేక పడుకున్నాడని చెబుదామనుకున్నాడు, నీకెందుకని కూడా అందామనుకున్నాడు. కానీ నిన్న అరుగు మీద సెలవడిగిన మనిషి గుర్తొచ్చి ఆ అబద్ధం నోట్లోంచి రాలేదు.

"రానన్నాడు అత్తయ్యా. నన్నే వెళ్ళమన్నాడు."

"అయితే రారా?"

"రాడు."

"అమ్మయ్య" అంది అత్తగారు.

అని, తల సీటుకి ఆనించి, కళ్ళు మూసుకుని, నోరు తెరిచి, "అమ్మో, అబ్బా, చచ్చిపోయాన్రా దేవుడా" అని పెద్దగా మూలిగింది. చిన్నల్లుడు హడలిపోయి కారు ఆపబోయాడు. నువ్వు పోనీవయ్యా, నా మూలుగు నన్ను మూలగనీ అంది. ఆపరేషను అయినప్పటినుంచీ గట్టిగా మూలగడానికే కుదరలేదట. పొద్దుటా సాయంత్రం పెద్దల్లుడుగారు వచ్చి మంచం పక్కన చేతులు కట్టుకుని కూర్చుంటే, అంత మర్యాదస్థుడి ముందు నోరు తెరిచి ఏడవడానికి మొహమాటంగా ఉండేదట. నొప్పెలా ఉందండీ అంటే తగ్గిందండీ అని చెప్పీ చెప్పీ ప్రాణం విసిగిపోయిందట.

ఇక దారంతా అదే. నర్సుని తిట్టింది, మోకాలిని తిట్టింది, ఆసుపత్రి పరుపుని తిట్టింది. రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడల్లా చిన్నల్లుణ్ణి తిట్టింది. కళ్ళు ఎక్కడ పెట్టుకుని నడుపుతున్నావంది, చేతికి ఆ కట్టేమిటంది, ఏ పనీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యవు కదా అంది. మధ్యలో గేరు మార్చబోతే అతని మోచెయ్యి పట్టుకుంది. నొప్పి వచ్చినప్పుడల్లా గోళ్ళు దిగేట్టు నొక్కింది, వదల్లేదు. చిన్నల్లుడు ఒంటిచేత్తో, నత్తనడకన, ఊ అనీ ఆ అనీ అంటూ నడిపాడు. ఎందుకో ఒక్క మాటకీ ఎదురు చెప్పబుద్ధి కాలేదు.

ఇల్లు రెండు మలుపుల దూరంలో ఉందనగా ఆవిడ గభాలున కళ్ళు తెరిచింది.

"ఇక్కడ కాసేపు ఆపు అబ్బాయ్. ఇంట్లో ఆయనుంటారు. మిగిలింది ఇక్కడే కానిచ్చేస్తా."

చిన్నల్లుడు కారుని రోడ్డు వారకి తీసి, గోడ నీడలో ఆపాడు. అద్దాలు పైకెత్తాడు, వీధిలోకి వినపడకుండా. ఆవిడ అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుని తీరిగ్గా మూలగడం మొదలుపెట్టింది.